వంతగాళ్లు మోసే గొంతు

సూర్యాపేట నుంచి కోదాడ వైపు జాతీయ రహదారి మీద కొద్ది దూరం పోతే దురాజ్‌పల్లి గుట్ట వస్తుంది. రెండేళ్లకోసారి లింగమంతుల స్వామి జాతర జరిగే పెద్దగట్టు ఇదే. కిందటిసారి 2025 ఫిబ్రవరి 16 నుంచి 20 దాకా జరిగింది. అయిదు రోజులూ గజ్జెల లాగులు, భేరీలు, డోళ్లు, ‘ఓ లింగా’ అనే కేకలు. జాతర గురించి రాసేవాళ్లు జనం లెక్క రాస్తారు, ట్రాఫిక్ మళ్లింపులు రాస్తారు. గొంతుల సంగతి ఎవరూ రాయరు. గుట్ట ఎక్కుతూ, డోలు దెబ్బకు అడుగు వేస్తూ కేక వేసిన పెద్దమనిషి మర్నాడు కూడా మామూలుగానే మాట్లాడుతుంటాడు. కింద దుకాణంలో కుర్చీలో కూర్చుని మైకులో అరిచిన కుర్రాడికి మాత్రం సాయంత్రానికే గొంతు పోతుంది. ఇది ఎవరైనా గమనించవచ్చు.

పెద్దాయన గొంతు ఉక్కుతో చేసిందేమీ కాదు. అతని కేకలో కాళ్లున్నాయి, పొట్ట ఉంది, పక్కన పదిమంది ఉన్నారు. అతను ఒకసారి ‘ఓ లింగా’ అంటే గుంపు అందుకుంటుంది, ఈలోగా అతనికి ఊపిరి అందుతుంది. కుర్రాడికి ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. మన పాటగాళ్ల సంప్రదాయాలన్నీ గొంతును ఒంటరిగా వదలకుండా కాపాడుకున్నవే. రాత్రంతా కథ నడవాలి, మైకు లేదు, మర్నాడు ఇంకో ఊళ్లో కథ చెప్పాలి. ఆ అవసరంలోంచి పద్ధతి పుట్టింది.

ఒగ్గుకథ చూడండి. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు చెప్పే ఒగ్గు పూజారులు రాగానే కథ ఎత్తుకోరు. ముందు డోళ్లు మోగాలి. నడుముకు డోలు బిగించుకుని, వంగి లేచి, గిరగిరా తిరిగి ఆడతారు. చూసేవాళ్లకు అది జనాన్ని పోగేసే సందడి. కథకుడికి మాత్రం ఒళ్లు వేడెక్కడం, ఊపిరి లోతుగా ఆడటం అప్పుడే మొదలవుతాయి. తర్వాత దేవతా ప్రార్థన. అది నిదానంగా, కింది స్థాయిలో నడుస్తుంది. శ్రుతి పైకి పోయేది, కేక పడేది కథ ముదిరాకే. కర్ణాటక సంగీతం గురువులు తెల్లవారుజామున మంద్ర స్థాయి సాధన చేయించేదీ ఇందుకే. గొంతును మెల్లగా నిద్రలేపాలి గాని లేవగానే పరుగెత్తించకూడదు.

అసలు కిటుకు వంతలో ఉంది. కథకుడు ఒక చరణం అంటాడు. చివరి మాట వంతగాడు అందుకుని సాగదీస్తాడు, డోలు దరువు మారుతుంది, తాళం కలుస్తుంది. ఆ కాసేపు కథకుడి గొంతుకు పని లేదు. నోరు మూసుకుని ముక్కుతో నిండుగా గాలి పీల్చుకుంటాడు. రాత్రంతా ఇలా సాగిన కథలో ఇలాంటి చిన్న చిన్న విరామాలన్నీ కూడితే గంటలు అవుతాయి. పాట తర్వాత వచనం వస్తుంది, అక్కడ గొంతు మాటల స్థాయికి దిగుతుంది. మధ్యలో వంతగాడు ఏదో తిక్క ప్రశ్న వేస్తాడు, నవ్వులు పుడతాయి, అది ఇంకో విరామం. కథకుడే రాజవుతాడు, రాణవుతాడు, ముసలమ్మవుతాడు. ఒకే శ్రుతిలో ఒకే బిగువుతో గంటలు పాడితే గొంతు త్వరగా అలుస్తుంది. పాత్రకో గొంతు మారుస్తూ పోతే భారం ఒకే చోట పడదు. జనగామ జిల్లా మాణిక్యాపురం నుంచి వచ్చి ఒగ్గుకథను ఢిల్లీ దాకా మోసుకెళ్లి, సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్న చుక్క సత్తయ్య (1935–2017) జీవితమంతా కథ చెప్పింది ఈ పద్ధతిలోనే.

బుర్రకథలో ఈ పని విభజన ఇంకా స్పష్టం. నడుమ కథకుడు భుజాన తంబుర, వేలికి అందెతో ముందుకూ వెనక్కూ అడుగులు వేస్తుంటాడు. అటూ ఇటూ ఇద్దరు వంతలు డక్కీలు వాయిస్తారు. ఒకరు హాస్యం పలికిస్తారు, ఒకరు లోకం సంగతులు, రాజకీయం చెబుతారు. పద్మశ్రీ షేక్ నాజర్ (1920–1997) పేరు చెప్పగానే అందరికీ ఆయన గొంతే గుర్తొస్తుంది. కానీ కథకుడు గుక్క తిప్పుకోవడానికి వంతల తందానా లేకపోతే ఎంతటి గొంతైనా ఎంతసేపు నిలుస్తుంది? తెలంగాణ సాయుధ పోరాట కాలంలో సూర్యాపేట చుట్టుపక్కల ఊళ్లకు కబురు మోసినవి బుర్రకథ, గొల్ల సుద్దులే. సుద్దాల హనుమంతు గొల్ల సుద్దుల రూపాన్ని తీసుకుని పోరాటానికి వాడుకున్నాడు. అక్కడా అదే కట్టుబాటు. భుజాన గొంగడి, చేతిలో కర్ర, పక్కన పలికేందుకు తోడు.

కళాకారుల దాకా పోనక్కర్లేదు. బతుకమ్మ ఆడే అమ్మలను చూడండి. ఒక పెద్దమ్మ పాట ఎత్తుకుంటుంది, వలయమంతా ‘ఉయ్యాలో’ అంటుంది. వంగి చప్పట్లు, లేచి అడుగు. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు, రోజూ గంటల తరబడి ఆడినా ఎవరి గొంతూ పోయేది కాదు, ఎందుకంటే ఎవరూ ఒంటరిగా పాడలేదు. సాగర్ ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాల్లో నాట్ల పాటలూ అంతే. నడుము వంచి ఉన్నప్పుడు పొట్ట నొక్కుకుని పెద్ద ఊపిరి ఆడదు. అందుకే ఆ పాటల చరణాలు పొట్టిగా ఉంటాయి, జవాబు వెంటనే పడుతుంది. ఇప్పుడు నాట్లకు బీహారు, బెంగాలు కూలీలు వస్తున్నారు. బతుకమ్మకు డీజే వస్తోంది. పెట్టె పాడుతుంటే ఆడవాళ్లు నోరు మూసుకుని చుట్టూ తిరుగుతున్నారు. దీన్ని నేను అభివృద్ధి అని ఒప్పుకోలేను.

ఇక గొంతు లోపలి సంగతి. స్వరపేటికలో రెండు తంతువులుంటాయి, పెద్దవాళ్లలో కూడా వాటి పొడవు రెండున్నర సెంటీమీటర్లు దాటదు. మాట్లాడేటప్పుడు మగవాళ్లలో అవి సెకనుకు సుమారు 100 నుంచి 130 సార్లు, ఆడవాళ్లలో సుమారు 200 సార్లు ఒకదాన్నొకటి తాకుతాయి. బడిలో పంతులమ్మ రోజు మొత్తంలో కలిపి ఒక్క గంట గొంతు విప్పిందనుకుంటే 7,20,000 తాకిళ్లు! అరిచిన కొద్దీ తాకిడి బలం పెరుగుతుంది. పార పట్టిన అరచేతిలో కాయలు కాసినట్టే, ఏళ్ల తరబడి అరిచిన తంతువుల అంచున చిన్న బుడిపెలు లేస్తాయి. రెండు అంచులూ సరిగా కలవక మధ్యలోంచి గాలి జారుతుంది. అదే బొంగురు.

ఊపిరి బలం లేకుండా గొంతుతోనే శబ్దం పెంచాలనుకుంటే మెడ నరాలు ఉబ్బుతాయి. పాడేటప్పుడు అద్దంలో చూసుకోండి. మెడ బిగుసుకుందంటే పొట్ట తన పని మానేసిందని అర్థం. బొడ్డు మీద చెయ్యి పెట్టుకుని చరణం అంటే, ఊపిరి పీల్చినప్పుడు చెయ్యి ముందుకు రావాలి, పాడుతున్నకొద్దీ మెల్లగా లోపలికి పోవాలి. దీన్నే మనవాళ్లు దమ్ము అంటారు. దమ్ము గొంతులో పుట్టదు, నడకలో, ఆటలో పుడుతుంది. రోజూ అరగంట కాల్వ కట్ట మీద వేగంగా నడిస్తే చాలు. మాట్లాడగలిగీ పాట పాడలేనంత వేగం సరైన వేగం అని వ్యాయామ నిపుణులే చెబుతారు. ఒక హెచ్చరిక: బరువెత్తేటప్పుడు ఊపిరి బిగబడితే స్వరతంతువులు గట్టిగా కరుచుకుంటాయి. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బస్తాలెత్తే హమాలీలకైనా, జిమ్ములో ఇనుము ఎత్తే పిల్లలకైనా, ఎత్తేటప్పుడు ఊపిరి వదలడం గొంతుకూ మంచిదే. ఆ మిల్లుల ఊక దుమ్ము, మేళ్లచెరువు వైపు సిమెంటు దుమ్ము గొంతుకు వేరే శత్రువులు. ముక్కుకు గుడ్డ కట్టుకోవడం నామోషీ అనుకోకూడదు.

మైకు వచ్చాక గొంతుకు సుఖం కలగాలి గదా, ఎందుకు కలగలేదు? చుట్టూ మోత పెరిగితే మనిషికి తెలియకుండానే గొంతు పెరుగుతుంది. ఎటియెన్ లొంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు 1911లోనే దీన్ని చెప్పాడు. డీజే పెట్టెల మధ్య, తన గొంతు తనకు వినపడని చోట నిలబడ్డ గాయకుడు మైకు ఉండి కూడా అరుస్తాడు. పైగా మైకు ఉంది కదా అని బృందం చిక్కిపోయింది. అయిదుగురి డబ్బు ఇవ్వలేక ఇద్దరిని పిలుస్తున్నారు, వంత స్థానంలో ట్రాక్ మోగుతోంది. ట్రాక్ ఆగదు, కథకుడికి దగ్గొచ్చినా ఆగదు. మైకు మానేయమని నేననను, అది పిచ్చిమాట. మైకు నోటికి దగ్గరగా పెట్టుకుని, పాటగాడి వైపు తిప్పిన చిన్న పెట్టె ఒకటి అడిగి తీసుకుని, వంతగాడిని వదులుకోకుండా పాడమంటాను. ఎన్నికల్లో మూడో రోజుకే సైగలతో ప్రచారం చేసే నాయకులకూ ఇదే మాట. పక్కన నలుగురు కార్యకర్తలుంటారు గదా, వాళ్లకూ కాస్త మాట్లాడే వంతు ఇవ్వండి.

తిండీ తాగుడూ చెప్పకుండా ఈ కథ పూర్తి కాదు. మిరియాలు, తేనె, అతిమధురం, బుగ్గన కరక్కాయ వాడని పాటగాడు మన దగ్గర లేడు. వాటితో నోటికి, గొంతుకు హాయి కలుగుతుంది, కాదనను. కానీ మింగిందేదీ స్వరతంతువులను తాకదు, తాకితే పొలమారుతుంది. నీళ్లు కూడా అంతే. కడుపులోకి పోయి, ఒంటికి పట్టి, ఆ తర్వాతే తంతువుల తడి పెరుగుతుంది. అందుకే వేదిక మీద గుక్కెడు తాగితే సరిపోదు, పొద్దుటి నుంచీ తాగుతూ ఉండాలి. మేలో 45 డిగ్రీలు దాటే మన ఎండల్లో మరీనూ. కల్లూ సారా పడితేనే గొంతు విచ్చుకుంటుందని ఒక నమ్మకం ఉంది. మత్తులో నొప్పి తెలియక ఇంకా ఎక్కువ అరుస్తారు, అంతే. కథ ముగిశాక అర్ధరాత్రి మాంసం కూర కడుపునిండా తిని వెంటనే పడుకుంటే పుల్లటి రసం గొంతు దాకా ఎగదన్నుతుంది. పొద్దున్నే బొంగురు. చాలామంది దాన్ని రాత్రి పాటకు అంటగడతారు. తప్పు పాటది కాదు, పడక వేళది.

గొంతు పోయినప్పుడు గుసగుసలాడటం విశ్రాంతి అనుకుంటారు. గుసగుసలోనూ స్వరపేటిక బిగుసుకుంటుంది. మౌనమే విశ్రాంతి. రెండు మూడు రోజుల మౌనం, నీళ్లు, ఆవిరి, తర్వాత ‘మ్‌’ అంటూ మెల్లని ఝుంకారం, సన్నని గొట్టంలోంచి ‘ఊ’ అని ఊదడం. పెదాల దగ్గర దారి ఇరుకైతే వెనక్కి తన్నే గాలి తంతువులను మెత్తగా కలుపుతుంది. ఇవన్నీ స్పీచ్ థెరపిస్టులు నేర్పేవే. భ్రామరి ప్రాణాయామం చేసేవాళ్లకు ‘మ్‌’ ఝుంకారం కొత్త కాదు.

ఇంటి వైద్యానికి హద్దు ఉంది, అది దాటితే గొంతు లోపలికి చూడాల్సిందే. స్వరతంతువులను బతికున్న మనిషిలో అద్దంతో తొలిసారి స్పష్టంగా చూసి లోకానికి చెప్పినవాడు డాక్టరు కాదు, సంగీతం మాస్టారు. 1854లో మాన్యుయెల్ గార్సియా పళ్ల డాక్టరు వాడే చిన్న అద్దాన్ని గొంతులో పెట్టుకుని, ఎండ వెలుగును దాని మీదికి మళ్లించి, పాడుతూ తన గొంతు తానే చూసుకున్నాడు. ఇప్పుడు ముక్కులోంచి సన్నని కెమెరా పంపి కొద్ది నిమిషాల్లో చూసేస్తున్నారు. ఇందుకు బొంబాయి, మద్రాసు పోనక్కర్లేదు. సూర్యాపేటలో, నల్లగొండలో ప్రభుత్వ వైద్య కళాశాలలు 2019లోనే మొదలయ్యాయి. హైదరాబాద్ కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం స్పీచ్ థెరపిస్టులను తయారు చేస్తోంది. ఆపరేషన్ చేసి గొంతు పాడు చేస్తారన్న భయం పాటగాళ్లలో ఉంది. బుడిపెలు చాలావరకు కత్తి లేకుండానే, థెరపీతో, పాడే తీరు మార్చుకుంటే తగ్గుతాయి. ఆలస్యం చేసినప్పుడే చికిత్స పెద్దదవుతుంది. బీడీలు, గుట్కా అలవాటున్నవారిలో స్వరపేటిక క్యాన్సర్ చాలాసార్లు మొదట బొంగురుగానే బయటపడుతుంది. మొదట్లో పట్టుకుంటే బాగయ్యే అవకాశం చాలా ఎక్కువ.

జాతరలకు వైద్య శిబిరాలు పెట్టే జిల్లా యంత్రాంగాన్ని, తెలంగాణ సాంస్కృతిక సారథిని నడిపే పెద్దలను ఒకటే అడుగుతున్నాను. కంటి పరీక్షలు చేస్తున్నారు, షుగరు పరీక్షలు చేస్తున్నారు. ఏటా ఏప్రిల్ 16న ప్రపంచ గొంతు దినం వస్తుంది. ఆ వారంలో ఒగ్గు, బుర్రకథ, యక్షగాన కళాకారులకు, బడి టీచర్లకు, మిల్లు కార్మికులకు స్వరపేటిక పరీక్ష చేయించండి. కథ చెప్పించుకునే ఊళ్లు ఇద్దరికి కాకుండా బృందానికంతటికీ డబ్బు ఇవ్వండి. ఇక చదివే మీకు: గొంతు మారి మూడు వారాలు దాటితే ఇంకో మిరియాల కషాయం కాచుకోకుండా ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లండి.