శత్రువుకూ ఒక కారణం ఉండాలి

తెలుగు తెర మీద సీమ విలన్‌కు గొంతు ఇచ్చినాయన జయప్రకాశ్ రెడ్డి. ఆయన పుట్టింది ఆళ్లగడ్డ పక్కన మా సిరివెళ్లలోనే. 1997లో ‘ప్రేమించుకుందాం రా’, 1999లో ‘సమరసింహారెడ్డి’ వచ్చినప్పుడు కర్నూలు హాళ్లలో ఈలలు పడింది ఆ యాసకే. ఇంట్లో మాట్లాడుకునే మాట సినిమాలో వినపడటం అప్పటికి మాకు కొత్త. అయితే ఆ మాట దక్కింది నరకడానికే పుట్టినట్టుండే మనిషికి. 2020 సెప్టెంబరులో ఆయన పోయినప్పుడు సీమలో చాలామంది ఇంటి మనిషి పోయినట్టు బాధపడ్డారు. నటుడిగా ఆయనకు ఆ గౌరవం న్యాయమైనదే. నేను మాట్లాడదలచింది నటుడి గురించి కాదు, తెర మీద శత్రువును తయారుచేసే పద్ధతి గురించి.

ఆ పద్ధతి ఫ్యాక్షన్ సినిమాతో పుట్టింది కాదు. దాని బలం తెలియాలంటే యుద్ధకాలపు సినిమాలు చూడాలి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ నెలలోనే మద్రాసు జనం మూటాముల్లె సర్దుకుని ఊళ్లబాట పట్టారు. బర్మాలో బతుకుతెరువు వెతుక్కున్న తెలుగువాళ్లు అడవులూ కొండలూ దాటి, దారిలో ఎందరినో పోగొట్టుకుని వచ్చారు. యుద్ధం వల్ల ముడి ఫిల్ముకు కరువొచ్చి, కథాచిత్రం 11,000 అడుగులు దాటకూడదని సర్కారు ఆంక్ష పెట్టింది. 1943లో, సర్కారు ఆమోదించిన ఫిల్మును 2,000 అడుగుల మేరకు ప్రతి ఆటలోనూ వేసి తీరాలని ఉత్తర్వు వచ్చింది. అంటే టిక్కెట్టు కొన్న ప్రతివాడూ ఇరవై నిమిషాల పైచిలుకు యుద్ధ ప్రచారం చూడాల్సిందే. ముడి ఫిల్ముకు లైసెన్సు కావాలి, ఆ లైసెన్సు ఇచ్చేది యుద్ధంలో ఉన్న సర్కారే.

సేలం మోడరన్ థియేటర్స్ వాళ్ల తమిళ చిత్రం ‘బర్మా రాణి’ 1945లో వచ్చింది ఈ గాలిలోనే. దర్శకుడు టి.ఆర్. సుందరమే జపాను సైన్యాధికారి వేషం కట్టాడు. అదే ఏడాది చివర ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారుల విచారణ మొదలైంది. బర్మా అడవుల్లో జపాను పక్కన నిలిచి పోరాడిన ఆ సైనికుల కోసం దేశమంతా కదిలింది. సినిమాలో రాక్షసుడైన జపానువాడే నేతాజీకి తోడు నిలిచినవాడు. ఒకే సంవత్సరంలో ప్రజల మనసు ఇంత దూరం వెళ్లింది. తెర మీద శత్రువును శాశ్వతంగా నిలబెట్టగలమనుకునేవాళ్లకు ఈ ఒక్క చరిత్ర చాలు.

ఇప్పటి కుర్రవాళ్లు అలాంటి పాత సినిమాలు చూసి, ఇంత మోటుగా తీశారేమని ఈసడిస్తారు. తీర్పు చెప్పేముందు రెండు విషయాలు చూడమంటాను. ఒకటి, ఆ సినిమా ఏ భయంలో, ఎవరి ఉత్తర్వు కింద తయారైంది? రెండు, శత్రువు ఎందుకు పోరాడుతున్నాడో చెప్పిందా? మొదటిది తీసినవాళ్ల మీద కొంత దయ పుట్టిస్తుంది. కాకినాడ మీద పడ్డ బాంబు కల్పన కాదు కదా. కానీ దయ అక్కడితో ఆగాలి. ఎందుకంటే లండన్ మీద బాంబుల వాన కురిసిన తర్వాత, యుద్ధం ఇంకా నడుస్తుండగానే, 1943లో పావెల్, ప్రెస్‌బర్గర్‌లు ‘ది లైఫ్ అండ్ డెత్ ఆఫ్ కల్నల్ బ్లింప్’ తీశారు. అందులో మర్యాదస్తుడైన ఒక జర్మన్ అధికారి ఇంగ్లిష్ అధికారికి జీవితాంతం స్నేహితుడు. ఆ సినిమాను ఆపాలని చర్చిల్ ప్రయత్నించాడు. ఈనాడు బ్రిటిష్ సినిమా తలెత్తుకుని చూపించేవాటిలో అదొకటి. మరోవైపు, అమెరికా సైన్యం కోసం ఫ్రాంక్ కాప్రా బృందం తయారుచేసిన ‘నో యువర్ ఎనిమీ: జపాన్’ 1945 ఆగస్టు 9న, నాగసాకి మీద అణుబాంబు పడిన రోజున బయటికొచ్చింది. ఆ నెలలోనే దాన్ని పక్కన పెట్టేశారు. కాబట్టి ‘ఆ కాలం అలాంటిది’ అన్న మాట సగమే నిజం. అదే కాలంలో వేరే దారి ఎంచుకున్నవాళ్లూ ఉన్నారు.

ఆ కొలతతోనే మా సీమ సినిమాలను కొలిస్తే తీర్పు ఇంకా కఠినంగా వస్తుంది. ఫ్యాక్షన్ సినిమాలు తీసినవాళ్ల నెత్తిన ఏ బాంబూ పడలేదు, ఏ సర్కారూ ఉత్తర్వు ఇవ్వలేదు. కక్షలు నిజమే. ఊళ్లు తగలబడ్డాయి, ఆడవాళ్ల పసుపు కుంకుమలు పోయాయి. కానీ ఆ కక్షల వెనుక వానలేని ఏళ్లున్నాయి, పొలం గట్ల తగాదాలున్నాయి, కాంట్రాక్టులున్నాయి, ఓట్లున్నాయి. అవన్నీ కత్తిరించి సుమోలను, వేటకొడవళ్లను మిగిల్చారు. కారణం తీసేస్తే మిగిలేది స్వభావం. సీమవాడి స్వభావమే అంత అని రాష్ట్రమంతా నమ్మింది. ఊరిపేరు చెప్పగానే, మీ ఇళ్లలో బాంబులుంటాయా అని నన్ను అడిగినవాళ్లలో చదువుకున్నవాళ్లే ఎక్కువ. ‘ఒక్కడు’ చూసినవాళ్లకు కొండారెడ్డి బురుజు కొట్లాట జరిగిన చోటుగా గుర్తు, విజయనగర కాలపు కట్టడంగా కాదు.

అయితే మా ముఖం మీద రుద్దిన రంగును మేము ఇంకొకరికి పూయకూడదు. 2019లో ‘సైరా నరసింహారెడ్డి’ వచ్చినప్పుడు సీమ గర్వపడింది, నేనూ గర్వపడ్డాను. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. ఆయన తల ఏళ్ల తరబడి కోట గుమ్మానికి వేలాడింది. అది కుంపిణీ క్రూరత్వమే, అందులో రెండో మాట లేదు. కానీ ఆ తిరుగుబాటుకు లెక్కాపత్రాల్లో కారణాలున్నాయి: పాలెగాళ్ల భరణాలు తెగ్గోయడం, కట్టుబడివాళ్ల మాన్యాలు లాక్కోవడం. ఆ కథ చెబితే తెల్లదొర ఇంకా భయంకరంగా కనపడతాడు, ఎందుకంటే కాగితం మీద సంతకంతో ఊళ్లను ఎండబెట్టాడు గనుక. సినిమాలో మిగిలింది మాత్రం క్రూరంగా నవ్వే దొర. అదే కుంపిణీ కొలువులో 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్, వేమన పద్యాలు వెతికించి 1829లో అచ్చువేశాడు. ఆయన బంగళా ఉన్న చోట, జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో ఈనాడు గ్రంథాలయం నడుస్తోంది. కోయిలకుంట్ల ఉరికంబాన్నీ కడప గ్రంథాలయాన్నీ కలిపి గుర్తుపెట్టుకోగల నేల మాది.

మంచి దారి తెలుగువాళ్లకు తెలియనిదేమీ కాదు. 2015లో క్రిష్ ‘కంచె’లో రెండో ప్రపంచ యుద్ధాన్ని చూపిస్తూ, హీరోకు శత్రువును జర్మన్ సైన్యంలోనే కాక సొంత ఊరి కులగోడల్లోనూ చూపించాడు. 2018లో ‘అరవింద సమేత వీర రాఘవ’ కక్షను ఆడవాళ్ల దుఃఖం వైపు నుంచి అడిగింది. ఇలాంటివి ఇంకా రావాలి.

పాత సినిమాలను నిషేధించాలని నేను అనను. నాజీల కాలపు ‘యూద్ జ్యూస్’ను జర్మనీలో ఈనాటికీ ముందు వివరణ, తర్వాత చర్చ ఉంటేనే చూపిస్తారు. మన ఇళ్లలోనూ అదే చేయవచ్చు. పిల్లలతో కలిసి చూడండి, ఆట అయ్యాక ఆ శత్రువు ఎందుకు అలా చేశాడని అడగండి. సినిమాలో జవాబు దొరక్కపోతే, దాచింది ఎవరో, ఎందుకు దాచారో వెతకమని చెప్పండి. సీమ కథ రాసే రచయితలకూ నా విన్నపం ఒక్కటే: విలన్‌ను ఎంత చెడ్డవాడిగానైనా చూపండి, కానీ కారణం లేకుండా చూపకండి.