వెలుగుకు ఒదిగిన తోలు

గదుల సంఖ్య తక్కువగా ఉండి, ప్రతి గదికీ ప్రత్యేకమైన రూపం కల్పించే చిన్న విడిదులను బొటిక్ హోటళ్లు అంటారు. అటువంటి చోట స్థానిక కళకు స్థానం కల్పించదలచినవారికి శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంట కళాకారులు చేసే తోలు దీపపు గూళ్లకు (లాంప్‌షేడ్లకు) మించిన వస్తువు అరుదు. తోలుబొమ్మలాట, అంటే తెర వెనుక దీపం ఉంచి తోలు బొమ్మల రంగుల నీడలతో రామాయణ, భారత కథలను ప్రదర్శించే కళ, ఆదరణ కోల్పోయిన కాలంలో ఆ కళాకారుల కుటుంబాలు తమ నైపుణ్యాన్ని గృహాలంకరణ వైపు మళ్లించి నిలుపుకున్నాయి. అదే ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది.

మేకతోలును నానబెట్టి, వెంట్రుకలూ కొవ్వూ గీకి, బిగించి ఆరబెడితే అది వెలుగును లోనికి రానిచ్చేంత పలచబడుతుంది. దానిపై నల్లని గీతలతో రూపం దిద్ది, నగలు ఉండవలసిన చోట ఉలితో సన్నని రంధ్రాలు కొట్టి, రెండు వైపులా రంగులు అద్దుతారు. దీపం వెలిగించగానే ఎరుపు, పసుపు రంగులు లోపలి నుండి పుట్టినట్లు మెరుస్తాయి, రంధ్రాలు ఆభరణాలలోని రాళ్లవుతాయి. ఈ బొమ్మను అద్దపు చట్రంలో బిగించి గోడకు తగిలించడం, ఎంత గౌరవంతో చేసినా, దాని ప్రాణాన్ని తీసివేయడమే, ఎందుకంటే వెనుక వెలుగు లేనిదే ఆ రంగులు పలకవు. పడక పక్కన వెలిగే గూడు మాత్రం తెరకు సిసలైన వారసురాలు. దాని చెంత దాన్ని చేసినవారి పేరు, ఊరు రాసి ఉంచడం హోటలు యాజమాన్యం చెల్లించవలసిన ధరలో భాగమే.