స్లిప్పు మీద రాయని నొప్పి

బండి జారినప్పుడు మనిషి అరచెయ్యి ఆనించి పడతాడు. మణికట్టు వాస్తుంది. ఎక్స్‌రే తీసి, ‘ఎముకకేం కాలేదు, బెణికింది’ అంటారు. రెండు వారాలైనా తలుపు గడియ తీయలేకపోతే మళ్లీ ఎక్స్‌రే. ఈసారి బీట కనిపిస్తుంది. మొదట చూసిన డాక్టరు మీద ఇంట్లోవాళ్లు మండిపడతారు. కానీ చాలా కేసుల్లో, మొదటిరోజు ఫిల్మ్‌ను ఎంత గొప్ప రేడియాలజిస్టు చూసినా ఆ బీట కనిపించేది కాదు.

ఆ ఎముక పేరు స్కాఫాయిడ్. బొటనవేలిని వెనక్కి చాపితే మణికట్టు పక్కన పడే గుంట అడుగున, జీడిపప్పులా వంపు తిరిగి ఉంటుంది. విరిగిన ముక్కలు పక్కకు జరగకపోతే మధ్య సందు వెంట్రుకవాసి కూడా ఉండదు. పది, పద్నాలుగు రోజుల్లో విరిగిన అంచులను శరీరమే కాస్త తొలిచేస్తుంది. అప్పుడు సందు వెడల్పై ఫిల్మ్‌లో గీతగా తేలుతుంది. అప్పటిదాకా చేతిని వదిలేస్తే ముప్పే. ఈ ఎముకకు రక్తం ఎక్కువగా వేళ్ల వైపు కొస నుంచి ప్రవేశించి, ముంజేతి వైపుకు వెనక్కి పారుతుంది. నడుమ విరిగితే ముంజేతి వైపు ముక్క రక్తం అందక చచ్చిపోవచ్చు. అందుకే ఆ గుంటలో వేలితో నొక్కినప్పుడు మనిషి విలవిల్లాడితే, ఫిల్మ్ బాగున్నా సరే, అనుభవమున్న ఎముకల డాక్టరు కట్టు వేసి మళ్లీ రమ్మంటారు, లేదా ఎంఆర్ఐ రాస్తారు.

ఎక్స్‌రే అసలు ఒక నీడ. కిరణం బీట వెంబడి పోతే గీత పడుతుంది. అడ్డంగా పోతే చుట్టూ ఉన్న ఎముక దాన్ని కప్పేస్తుంది. ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి తీసేది అందుకే. సీటీకీ ఈ బెడద ఉంది. మెడలో రెండో వెన్నుపూస మీది కొమ్ము అడ్డంగా విరిగితే, అడ్డకోత బొమ్మల్లో ఆ బీట చిక్కకపోవచ్చు. నిలువు బొమ్మలు కూడా తయారుచేసి చూడాల్సిందే.

ఇక కన్ను. 2013లో అమెరికా పరిశోధకులు ట్రాఫ్టన్ డ్రూ, జెరెమీ వోల్ఫ్ బృందం ఊపిరితిత్తుల సీటీలో ఒక గొరిల్లా బొమ్మను దూర్చి 24 మంది రేడియాలజిస్టులకు ఇచ్చింది. వాళ్లు వెతుకుతున్నది చిన్న గడ్డల కోసం. సగటు గడ్డకు 48 రెట్లున్న ఆ గొరిల్లాను 20 మంది గమనించలేదు! వారిలో సగానికి పైగా మంది చూపు సరిగ్గా దాని మీదే పడినట్లు కంటి కదలికల రికార్డు చెప్పింది. దేన్ని వెతకాలో మనసుకు ముందే తెలియకపోతే చూపు ఆనినా చాలదు. దీనికి తోడు మరో గుణం: ఒక విరుపు దొరకగానే వెతుకులాట సడలుతుంది, పక్కనున్న రెండోది తప్పించుకుంటుంది.

అందుకే ఎక్స్‌రేకు పంపేటప్పుడు డాక్టరు స్లిప్పు మీద రాసే నాలుగు మాటలకు అంత విలువ. 1988లో కెవిన్ బెర్బామ్, సహచరులు ప్రచురించిన అధ్యయనం ప్రకారం, నొప్పి ఏ చోట ఉందో ముందే చెబితే రేడియాలజిస్టులు విరుపులను మెరుగ్గా పట్టుకున్నారు. అయినా నేటికీ ‘ఎక్స్‌రే, కుడిచెయ్యి’ అన్న రెండు మాటలతోనే ఎన్నో స్లిప్పులు వెళ్తుంటాయి. రోగిని తడిమింది ఒకరు, ఫిల్మ్ చదివేది ఇంకెక్కడో కూర్చున్న మరొకరు. వేలికి తెలిసిన సంగతి కంటిదాకా చేరడం లేదు. ఫిల్మ్ తీసే టెక్నీషియన్‌కైనా ‘సరిగ్గా ఇక్కడండీ’ అని వేలు పెట్టి చూపించే హక్కు రోగికి ఉంది.

ఫిల్మ్ బాగుందని ఊరుకోకూడదన్న జాగ్రత్త పెద్దవాళ్ల తుంటి విషయంలో మరీ అవసరం. బాత్రూంలో జారిపడ్డ అవ్వ కుంటుతూనైనా నడుస్తోందంటే విరగలేదనుకుంటారు. తొడ ఎముక మెడ విరిగి, ముక్కలు ఒకదాన్లో ఒకటి దిగబడి ఉంటే కొందరు నడవగలరు కూడా. గుల్లబారిన ఎముకలో ఆ గీత ఎక్స్‌రేకు అందకపోవచ్చు. అలాగే నడిపిస్తే ముక్కలు జరిగి, చిన్న ఆపరేషన్‌తో పోయేది కీలు మార్పిడి దాకా వస్తుంది. ఎక్స్‌రే బాగున్నా అనుమానం మిగిలితే ఎంఆర్ఐ తీయాలనీ, 24 గంటల్లో అది కుదరకపోతే సీటీ అయినా తీయాలనీ బ్రిటన్‌లోని నైస్ సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి.