బోర్డు మీద లేని మాట

డిగ్రీ రెండో ఏడు ఫిజిక్స్ నోట్సు ఇంకా నా దగ్గరే ఉంది. థర్మోడైనమిక్స్ దగ్గర తెరిస్తే కార్నో ఇంజను బొమ్మ, కింద ఒక లెక్క: వేడి వైపు 500 కెల్విన్లు, చల్లని వైపు 300, దక్షత 40 శాతం. ఇదంతా బోర్డు మీద ఉన్నదే, క్లాసులో అందరూ ఎక్కించుకున్నదే. మార్జిన్‌లో మాత్రం పెన్సిల్‌తో ఒక ముక్క: ‘రాపిడి అసలే లేకున్నా 40 దాటదు. ఎందుకు?’ మాస్టారు చాక్‌పీసు బల్ల మీద పెట్టి, మా వైపు తిరిగి చెప్పిన మాట అది. పరీక్షల ముందు ఆ ముక్క పట్టుకునే పాఠమంతా అర్థం చేసుకున్నాను.

నేను తెలుగు మీడియం నుంచి వచ్చినవాణ్ని. మొదటి ఏడంతా ఇంగ్లిష్ వాక్యాలను చెప్పింది చెప్పినట్టు రాయబోయి పాఠం వినలేకపోయాను. తర్వాత పద్ధతి మార్చాను. ముందు వినడం, అర్థమైనంత వరకు తెలుగులో రెండు ముక్కలు రాసుకోవడం. ఎంట్రోపీ, రివర్సిబుల్ లాంటి మాటలు అలాగే ఉంచేయడం. అందని చోట ఖాళీ వదిలి, బెల్లు కొట్టాక పక్కవాణ్ని అడగడం. భాష కలగాపులగమైతే కానివ్వండి, మన నోట్సు మనకోసమే.

కార్నెల్ యూనివర్సిటీలో వాల్టర్ పౌక్ అనే ఆచార్యుడు చెప్పిన పద్ధతి ఒకటుంది. 1962లో వచ్చిన ఆయన పుస్తకంతో అది ప్రపంచమంతా పాకింది. పేజీకి ఎడమ పక్క రెండున్నర అంగుళాలు వదిలి, క్లాసులో కుడివైపే రాసుకోవాలి. తర్వాత ఎడమవైపు ప్రశ్నలు, అడుగున రెండు మూడు వాక్యాల్లో సారం. కుడివైపు చేత్తో మూసి, ప్రశ్నకు జవాబు పైకి చెప్పుకోవాలి. ఈ పైకి చెప్పుకోవడమే అసలు చదువని నా నమ్మకం. మన లాంగ్ నోట్‌బుక్‌కు మార్జిన్ ఎలాగూ ఉంటుంది, స్కేలు పెట్టి కాస్త వెడల్పు చేస్తే సరి.

ఇప్పటి పిల్లలు బోర్డును ఫోన్లో ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టుకుంటున్నారు. మంచిదే, బొమ్మలో తప్పు దొర్లదు. కానీ ‘ఇక్కడే అందరూ పొరపడతారు’ అని మాస్టారు గొంతు మార్చి చెప్పిన మాట ఫొటోలో పడదు. పెన్ను కదలాల్సింది అప్పుడే.

నేర్చుకున్నదాంట్లో చాలా భాగం తొలి గంటల్లోనే జారిపోతుందని ఎబ్బింగ్‌హౌస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లోనే రాశాడు. కాబట్టి ఆదివారం దాకా ఆగకండి. ఈ రాత్రే ఇవాళ్టి నోట్సు తీసి, ఎడమ పక్క ఒక్క ప్రశ్నైనా రాయండి.