వెనక బెంచీకి వచ్చే ఆటో

మా బడికి తండా నుంచి వచ్చే ఆటో ప్రార్థన సగంలో ఉండగా గేటు ముందు ఆగుతుంది. డ్రైవరుకు అటొకరు ఇటొకరు, వెనక సీటులో ఐదుగురు, వాళ్ళ ఒళ్ళో ఇద్దరు, సీటు వెనక సందులో ఇంకో ముగ్గురు. దిగి, బట్టల మీద దుమ్ము దులుపుకుని, లైను చివర నిలబడతారు. ప్రార్థన అయ్యాక ఆ లైను ఉన్నది ఉన్నట్టుగా తరగతిలోకి నడుస్తుంది. ముందున్నవాళ్ళు ముందు బెంచీల్లో సర్దుకుంటారు. చివర వచ్చినవాళ్ళకు చివరి బెంచీ.

ఈ చిన్న లెక్క నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. పాలమూరు వైపు జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్పే పంతులమ్మను నేను. తండా పిల్లలు వెనక కూర్చుంటారంటే చదువు మీద ధ్యాస లేకనే అనుకునేదాన్ని. స్టాఫ్ రూములో ఆ మాట అనేదాన్ని కూడా. విన్నవాళ్ళు అవునవును అని తలూపేవారు. అక్కడి నుంచి మేం వేరే మాటల్లోకి, డీఏ బకాయిల్లోకి వెళ్ళిపోయేవాళ్ళం. వెనక బెంచీని నిర్ణయించింది పిల్లల బుద్ధి కాదని, ఆటో టైమని మా ఎవరికీ తట్టలేదు.

మొన్నామధ్య వెనక బెంచీ పేపర్లకెక్కింది. 2024లో మలయాళంలో 'స్థానార్థి శ్రీకుట్టన్' అనే సినిమా వచ్చింది. వెనక బెంచీ పిల్లవాడి కథ. అది చూశాక 2025లో కేరళలో కొన్ని బడులు వరుసలు తీసేసి, గోడల వెంబడి బెంచీలు వేసి, మధ్యలో టీచరు నిలబడేలా సర్దాయి. తమిళనాడు కూడా అదే బాట పట్టబోయింది. వాళ్ళ 'ప' అక్షరం మూడు వైపులా గోడ కట్టి ఒక వైపు వదిలేసిన కొట్టంలా ఉంటుంది కాబట్టి దానికి 'ప' వరుస అని పేరు పెట్టుకున్నారు. పిల్లల మెడలు పట్టేస్తాయని, పక్కవాటుగా చూస్తే కళ్ళకు శ్రమ అని అక్కడే కొందరు అభ్యంతరం చెప్పారు. మా స్టాఫ్ రూములోనూ రెండు జట్లయ్యాయి. "బెంచీలు తిప్పితే బుర్రలు తిరుగుతాయా మేడం?" అని లెక్కల సారు నవ్వాడు. ఆయన మీద కోపంతోనే ఆ మర్నాడు బెంచీలు జరిపించాను. ఇంతకన్నా గొప్ప కారణమేదీ లేదు.

ఏడో తరగతిలో నాకు 42 మంది. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 35 మందికి ఒక టీచరు అంటుంది. మిగతా ఏడుగురిని గది ఎలాగో కడుపులో పెట్టుకుంటుంది. ముగ్గురేసి కూర్చునే బెంచీలు 14. గోడల వెంబడి తొమ్మిది పట్టాయి. మిగిలిన ఐదింటిని లోపల ఇంకో చిన్న కొట్టంలా వేశాం. పశ్చిమం కిటికీ పక్కవాళ్ళకు మధ్యాహ్నం పూట బోర్డు మీద ఎండ తప్ప అక్షరం కనిపించలేదు. తలుపు దగ్గర పిల్లలు వరండాలో పోయే ప్రతి మనిషినీ పలకరించారు. తొమ్మిది రోజులు చూసి, పదో రోజు మళ్ళీ వరుసల్లోకి మార్చాను. లెక్కల సారు ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ మంట.

కానీ ఆ తొమ్మిది రోజుల్లో ఒకటి జరిగింది. బెంచీలు గోడకు పోవడంతో గది మధ్యలో నాకు చోటు దొరికింది. నడిచాను. ఇన్నేళ్ళూ బోర్డుకూ బల్లకూ మధ్య ఆరడుగుల నేల మీదే బతికాననీ, నా కాళ్ళకు మూడో బెంచీ అవతలి దారే తెలియదనీ అప్పుడు తెలిసింది. వరుసలు తిరిగొచ్చాక నడక మానలేదు. మధ్య దారిలో బ్యాగులు అడ్డం పెట్టొద్దని మాత్రం రూలు పెట్టాను. నా తరగతిలో నేను గట్టిగా పట్టుబట్టేది బహుశా ఆ ఒక్క రూలు గురించే.

నడవడం మొదలుపెట్టాకే ఒక పిల్లవాడి సంగతి బయటపడింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది, అయినా చెప్తాను. పక్కవాడి నోటు పుస్తకంలోకి తొంగి చూసి రాసేవాడు. డిక్టేషన్ అయితే బాగానే రాస్తాడు, బోర్డు మీద రాస్తే మాత్రం పక్కవాడిది చూస్తాడు. నేను దాన్ని కాపీ కొట్టడం అన్నాను. రెండుసార్లు చెప్పి, మూడోసారి లేపి చివరి బెంచీలో గోడ వారగా ఒంటరిగా కూర్చోబెట్టాను. ప్రోగ్రెస్ కార్డులో 'శ్రద్ధ లేదు' అని రాశాను. ఎర్ర సిరాతో రాశానని కూడా గుర్తుంది.

ఒక రోజు పద్యానికి అర్థం బోర్డు మీద రాసి వెనక దాకా నడిచేసరికి వాడి పుస్తకంలో తేదీ తప్ప ఏమీ లేదు. ఎందుకు రాయలేదురా అంటే తల దించుకున్నాడు. వాడి ముందు బెంచీలో ఉన్న తండా పిల్ల వెనక్కి తిరిగి చెప్పింది.

"మేడం, వానికి బోర్డు కనవడది."

"ఎప్పటి సంది?"

"ఐదో తరగతి సంది. పక్కోళ్ళు చెప్తరు, గాడు రాస్తడు."

తరగతిలో 41 మందికి తెలిసిన సంగతి నాకొక్కదానికే తెలియదు. కనిపించనివాణ్ణి తీసుకుపోయి, ఇంకా కనిపించని చోట, చెప్పే పక్కవాడు కూడా లేకుండా కూర్చోబెట్టింది నేను. ఆ పిల్లలు రెండేళ్ళుగా చడీచప్పుడు లేకుండా నడిపించుకుంటున్న ఒక ఏర్పాటును నేను క్రమశిక్షణ పేరుతో చెడగొట్టాను. తర్వాత కంటి పరీక్ష, కళ్ళజోడు అన్నీ అయ్యాయి. వాళ్ళ నాయనను పిలిపించి ఆ కార్డులో మాట కొట్టేసి సంతకం పెట్టాను. ఆయన నిశానీ వేసే మనిషి. నేనేం రాశానో, ఏం కొట్టేశానో ఆయనకు నేనే చదివి వినిపించాల్సి వచ్చింది.

జేకబ్ కౌనిన్ అని ఒక అమెరికన్ పరిశోధకుడు తరగతి గదుల మీద 1970లో ఒక పుస్తకం రాశాడు. పిల్లలు తప్పు చేసినప్పుడు మంచి టీచర్లు ఎలా మందలిస్తారో కనిపెడదామని బయలుదేరాడు. మందలించే తీరులో మంచి టీచరుకూ తంటాలు పడే టీచరుకూ చెప్పుకోదగ్గ తేడా దొరకలేదు. తేడా అంతా ముందే ఉంది. గదిలో ఏ మూల ఏం జరుగుతోందో టీచరుకు తెలుసునని పిల్లలకు తెలిసిన చోట తరగతి సాఫీగా సాగింది. మన ఊళ్ళలో పశువులు కాసేవాళ్ళకు ఈ సంగతి పుస్తకం లేకుండానే తెలుసు. మంద చెదిరాక కర్రతో పరుగెత్తేవాడు కొత్తవాడు.

కర్ర అంటే గుర్తొచ్చింది. నేను చదువుకున్న బడిలో బెత్తం బోర్డు మీదనే వేలాడేది. గోడకుర్చీ, గుంజీలు, తొడపాశం, ఇవి మాకు పాఠాలకన్నా బాగా వచ్చు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మనసు నొప్పించడాన్నీ రెంటినీ నిషేధించింది. కొట్టడం చాలావరకు తగ్గింది. రెండోది ఎవరి లెక్కలోకీ రాదు. 'అల్లరి చేసినవాళ్ళు' అని మానిటర్ చేత బోర్డు మీద పేర్లు రాయించడం మా దగ్గర మొన్నటిదాకా ఉంది. టీచరు లేని పీరియడ్‌లో ఒక పిల్లవాడి చేతికి సుద్దముక్క ఇస్తే వాడు చిన్న పోలీసు పటేలు అవుతాడు. ఎవరి పేరు రాస్తాడో, ఎవరు నాలుగు జామకాయలిచ్చి చెరిపించుకుంటారో నాకు తెలియనిది కాదు. మానిటర్ పదవి తీసేశాను. ఇప్పుడు డస్టరు, నీళ్ళ బిందె, హాజరు, దీపాలు–ఫ్యాన్లు, లైబ్రరీ సంచీ, ఇలా పనులు వారం వారం చేతులు మారతాయి. నీళ్ళ బిందె విషయంలో మాత్రం మొదట్లో కొన్ని మొహాలు ముడుచుకున్నాయి. ఎవరు ముట్టుకుంటే ఎవరు తాగరన్నది ఊళ్ళో ఇంకా పోలేదు. దాని గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. ప్రతి పీరియడ్ ఆఖరున ఆ వారం నీళ్ళు తెచ్చినవాళ్ళ చేతి నుంచే ఒక గ్లాసు అడిగి తాగాను, అందరి ముందూ. మూడు వారాలకు ముడుతలు విడిపోయాయి. అందరివీ విడిపోయాయని చెప్పలేను. ఇద్దరు పిల్లలు ఇప్పటికీ ఇంటి నుంచి బాటిల్ తెచ్చుకుంటారు. దాహం వేరు, అనుమానం వేరు అని చెప్పడానికి నా దగ్గర కొలబద్ద లేదు.

ఇంకో తప్పు పాతది, వేరే ఊళ్ళో చేసింది. స్కాలర్‌షిప్ ఫారాలకు లెక్క కావాలని ఆఫీసు నుంచి చీటీ వస్తే, అందరు టీచర్లలాగే నేనూ తరగతిలో నిలబడి "ఎస్సీలు లేవండి... ఆఁ కూర్చోండి. ఎస్టీలు..." అని తలలు లెక్కపెట్టాను. ఒక అమ్మాయి లేవలేదు. లేవాల్సిన పిల్లే. ఆ ఏడు ఆమె ఫారం వెళ్ళలేదు. అడ్మిషన్ రిజిస్టరులో ఆ వివరం పిల్ల చేరిన రోజు నుంచీ ఉంది. బీరువా తీసి చూసుకోవడానికి నాకు పది నిమిషాలు పట్టేది. ఆ పది నిమిషాలు మిగుల్చుకోవడం కోసం నేనామెను నిలబడమన్నాను. ఇప్పుడు ఆ లెక్కలు బీరువా దగ్గరే తేలుస్తాను. సంతకాలు కావలసినవాళ్ళను విరామంలో ఒక్కొక్కరినే పిలుస్తాను.

ఇక ప్రశ్నలు అడగడం. తెలుగు పంతులమ్మకు అదే ప్రాణం. ఏ తరగతిలోనైనా ఐదు చేతులు ఉంటాయి, అవే ఐదు, ఏడాది పొడుగునా. ప్రశ్న పూర్తి కాకముందే లేస్తాయి. ఆ ఐదు చేతులతో పాఠం నడిపిస్తే తరగతి భలే చురుగ్గా ఉందనిపిస్తుంది, తనిఖీకి వచ్చినవాళ్ళు కూడా మెచ్చుకుంటారు. మేరీ బడ్ రో అనే ఆవిడ అమెరికాలో తరగతుల టేపులు విని విని, టీచర్లు ప్రశ్న అడిగాక జవాబు కోసం ఆగేది సుమారు ఒక్క సెకనేనని తేల్చింది. మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడుగయ్యాయి, అసలు నోరు విప్పనివాళ్ళు విప్పారు. 1970లలో ఆమె ప్రచురించిన పని ఇది. చదివినప్పుడు, ఓస్ ఇంతేనా అనుకున్నాను. చేసి చూస్తే తెలిసింది, నిండు తరగతిలో మూడు సెకన్లు ఎంత పొడుగో. లోపల ఒకటి... రెండు... అనేసరికి నా నోరే ఆగదు. ప్రశ్న మళ్ళీ చెప్తాను, సూచన ఇస్తాను, చివరికి జవాబు కూడా నేనే చెప్పేస్తాను. ఆగడం నేర్చుకోవడానికి నాకు ఒక టర్మ్ పట్టింది. చేతులెత్తకండి, ముందు ఆలోచించుకోండి, నేనే పిలుస్తాను అని పిల్లలతో ఒప్పందం చేసుకున్నాను. ఐదు చేతులవాళ్ళు అలిగారు. వాళ్ళ అలకా న్యాయమైనదే, ఇన్నాళ్ళూ పాఠం మోసింది వాళ్ళే కదా.

ఒక పాఠంలో 'కరువు' అన్న మాట వచ్చింది. కరువంటే ఏమిటి అని అడిగి ఆగాను. ఒకటి, రెండు, మూడు. ముందు వరుసలో పెదాల మీద 'వానలు లేకపోవడం' సిద్ధంగా ఉంది, కనిపిస్తూనే ఉంది. నాలుగు. కిటికీ దగ్గర తండా పిల్లను చూశాను, పిలవలేదు, చూశానంతే. అదే, బోర్డు కనవడదని చెప్పిన పిల్ల. లేచింది.

"యాడి బొంబాయి పోవుడు మేడం."

యాడి అంటే వాళ్ళ భాషలో అమ్మ. ఊరి పిల్లలకు ఆ మాట తెలుసు, అయినా ఒకరిద్దరు నవ్వబోయారు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఆ గదిలో అమ్మో నాయనో బొంబాయికో పుణేకో పోయి రాని ఇల్లు ఎక్కువ లేదు. పాలమూరు వలస ఎరిగినవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. ఆ వాక్యాన్ని అలాగే బోర్డు మీద రాశాను, 'యాడి'ని కూడా. దాని కింద 'వానలు లేకపోవడం' రాశాను. ఆ రోజు వాన గురించి మాట్లాడింది తక్కువ. అవ్వ దగ్గర ఉండిపోయిన తమ్ముళ్ళ గురించీ, ఫోనులో అమ్మ గొంతు గురించీ పిల్లలే మాట్లాడుకున్నారు. సిలబస్ ఒక పీరియడ్ వెనకబడింది. వచ్చే నెలలో ఎక్కడో కోసి సర్దాలి.

ఇదంతా చదివి నా గది ఏదో పూలతోట అనుకుంటారేమో. పోయిన గురువారం ఆరో పీరియడ్‌లో ఎండకు, గోలకు తట్టుకోలేక బల్ల మీద డస్టరుతో బాది అరిచాను. సుద్దపొడి లేచి ముందు బెంచీ పిల్లకు తుమ్ములు పట్టుకున్నాయి. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అరుపు అయితే బయటికి పోయిందిగా, పక్క గదిలోంచి లెక్కల సారు తొంగి చూశాడు.

ఆటో టైము మార్చడం నా చేతిలో లేదు. డ్రైవరు ముందు ప్రైవేటు స్కూలు పిల్లలను దింపి రావాలి, అక్కడ ఫీజు నెలనెలా వస్తుంది. అందుకని సోమవారం సోమవారం బెంచీలు ఒక వరుస జరుగుతాయి. ముందున్నవి వెనక్కి, వెనకవి ముందుకి. కళ్ళజోడు పిల్లవాడిని మాత్రం డాక్టరు చెప్పాడని ముందు వరుసలోనే ఉంచాను, వాడి చుట్టూ బెంచీలు మారినా.

మొన్న సోమవారం వాడే నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"మేడం, ఇప్పుడు కనవడుతుంది గద."

"ఊఁ, మంచిదేగా."

"మరి ఎనకకు పోవాల్నా? దోస్తులు ఆడున్నరు."

డాక్టరు చీటీ గుర్తొచ్చింది. చివరి బెంచీ నుంచి బోర్డు మీద ఆ రోజు తేదీ చదవమన్నాను. చదివాడు. కింద చిన్నక్షరాల్లో ఉన్న హాజరు సంఖ్య కూడా చదివాడు, అడక్కుండానే. సరే పొమ్మన్నాను. బ్యాగు భుజాన వేసుకుని మధ్య దారిలో పరుగెత్తి, ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చుని, కళ్ళజోడు సర్దుకుని బోర్డు వైపు చూశాడు. పాఠం ఇంకా మొదలుపెట్టలేదు. సుద్దముక్క కోసం వెతుక్కుంటున్నాను.