నాలుగు నెలల నారుమడి, పదిహేనేళ్ల తోట

ఎకరా పొలంలో జోడుసాళ్లుగా మల్బరీ నాటాలంటే 5,445 మొక్కలు కావాలి. జోడులోని రెండు సాళ్ల మధ్య మూడడుగులు, జోడుకూ జోడుకూ మధ్య ఐదడుగులు, మొక్కకూ మొక్కకూ మధ్య రెండడుగులు. హిందూపురం చుట్టుపక్కల పట్టుపురుగులు పెంచే రైతుకు ఈ కొలతలు నోటికి వచ్చు. అన్ని వేల మొక్కలు ఎక్కడినుంచో లారీల్లో దిగనక్కర్లేదు. ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఒక రైతు కుటుంబం బోరు కింద పెంచిన నారుమడి చాలు. ఎకరానికి సరిపడా నారు నాలుగైదు సెంట్లలో వచ్చేస్తుంది.

నర్సరీ అనగానే తెలుగువాళ్లకు ముందుగా గుర్తొచ్చేవి గోదావరి చెంతనున్న కడియం, కడియపులంక. అక్కడ ఒండ్రునేల, కాలువ నీరు, వందల రకాల పూలమొక్కలు, పండ్లమొక్కలు. హిందూపురం నారుమడిది వేరే బతుకు. ఎర్రనేల, బోరునీళ్లు, ఒకే జాతి మొక్క. చూడగానే మనసు లాగే పూలు దానికి లేవు. అయితే ఒకసారి పాతుకుంటే పదిహేనేళ్లు, మంచి పోషణ ఉంటే ఇంకా ఎక్కువకాలం, కోసిన ప్రతిసారీ మళ్లీ చిగురించి ఆకు ఇస్తుంది.

ఈ మొండితనమే ఈ సీమకు కావలసింది. నైరుతి రుతుపవనాలకు పడమటి కనుమలు అడ్డు, ఈశాన్య రుతుపవనాలకు సముద్రతీరం దూరం. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అదీ అదనుకు పడదు. వేరుశనగ విత్తిన రైతు ప్రతి ఏడూ విత్తనం కొనాలి, దున్నాలి, ఆకాశం వంక చూడాలి. ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తే పెట్టుబడంతా నేలపాలే. మల్బరీ అలా కాదు. నీళ్లు కరువైతే ఆకు రాలుస్తుంది, ఎదుగుదల ఆగుతుంది, కానీ లోతుకు దిగిన వేరు బతికే ఉంటుంది. తడి తగిలితే మళ్లీ చిగురిస్తుంది. ఆకు బాగా రావాలంటే మాత్రం నీళ్లు కావాల్సిందే. మల్బరీకి నీళ్లే అక్కర్లేదని ఎవరైనా చెబితే నమ్మకూడదు.

హిందూపురం, మడకశిర, పెనుకొండ ప్రాంతాల్లో ఈ సాగు వేళ్లూనడానికి చుట్టూ ఉన్న లోకం కూడా కారణం. సరిహద్దు దాటితే చిక్కబళ్లాపురం, కోలారు, శిడ్లఘట్ట. అదంతా మైసూరు పట్టు సీమ. పట్టుగూళ్లు అమ్ముకోవడానికి హిందూపురంలోనే మార్కెట్, పట్టుదారం నేయడానికి ధర్మవరం మగ్గాలు. హిందూపురాన్ని ఆనుకుని ఉన్న కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన, అభివృద్ధి సంస్థ ఉంది. ఇంతటి గొలుసులో మొదటి కొక్కెం నారుమడి. చీరను మెచ్చుకునేవాళ్లు నేతగాణ్ని తలుచుకుంటారు, కొందరు పురుగులు పెంచిన రైతునూ తలుచుకుంటారు. నారు పోసిన కుటుంబం ఎవరికీ గుర్తుకు రాదు. ఆ కుటుంబం చేసే పని ఎంత బరువైనదో ఒక లెక్క చెబుతుంది. పట్టుగూళ్ల పంట బాగా రావడంలో ఏ అంశం వాటా ఎంతో జపాన్ పరిశోధకుడు మియాషితా 1986లో అంచనా కట్టారు. అందులో పెద్ద వాటా, 38.2 శాతం, ఆకు నాణ్యతదే. వాతావరణం దాని తర్వాతే.

మల్బరీని విత్తనంతో ఎందుకు పెంచరన్నది కొత్తవాళ్లు అడిగే మొదటి ప్రశ్న. ఆడపూలు, మగపూలు చాలావరకు వేర్వేరు చెట్లమీద పూస్తాయి, పుప్పొడి గాలిలో తేలివచ్చి తగులుతుంది. గింజ మొలిస్తే వచ్చే పిల్ల తల్లిలా ఉండదు. ఒకదాని ఆకు వెడల్పు, ఇంకొకదానిది చీలికలు. అందుకే పుల్ల నాటాలి. పుల్ల నుంచి వచ్చిన మొక్క అచ్చంగా తల్లిచెట్టే. ఈ మేలులోనే ముప్పూ ఉంది. తల్లితోటలో నాలుగు వేరే రకం చెట్లు కలిసిపోయి ఉన్నా, కొమ్మలో తెగులున్నా, అదంతా కొన్నవాడి పొలంలోకి పోయి ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తుంది. మంచి నారు పోసేవాళ్లు అమ్మకానికని తల్లితోటను విడిగా ఉంచుకుని, అందులో ఒకే రకాన్ని పెంచుతారు. నర్సరీకి అసలు ఆస్తి ఆ తోటే.

పుల్ల ఎంపికలో చేతికి అలవాటు పడాలి. కొమ్మ వయసు ఆరు నుంచి ఎనిమిది నెలలు. చివరి లేత భాగం పనికిరాదు, దానిలో నిల్వ ఆహారం తక్కువ. మొదట్లోని బాగా ముదిరిన భాగమూ వద్దు, వేరు పట్టడం కష్టం. నడుమ భాగాన్ని జానెడుకు మించకుండా, చిటికెనవేలంత లావున, మూడు నాలుగు బతికున్న మొగ్గలు ఉండేలా ముక్కలు చేస్తారు. కొలతల్లో చెబితే పొడవు 15 నుంచి 20 సెంటీమీటర్లు, మందం ఒకటి నుంచి ఒకటిన్నర. పదునైన సికేచర్ కత్తెరతో ఒక్క నొక్కుకు తెగాలి. బెరడు చీలితే ఆ గాయంలోంచే బూజు లోపలికి దిగుతుంది. అడుగు కోత ఏటవాలుగా పడాలి. ఏ చివర మట్టిలోకి పోవాలో నాటేవాళ్లు తడుముకోకుండా తెలుస్తుంది. తలకిందులుగా నాటిన పుల్ల బతికి బట్టకట్టదు.

కోసిన పుల్లలను నీడన తడి గోనెసంచుల కింద ఉంచి, వీలైతే మర్నాటికే నాటేస్తారు. ముందుగా శిలీంద్రనాశిని కలిపిన నీళ్లలో కాసేపు ముంచుతారు.

మడి పొడవు మూడు మీటర్లు, వెడల్పు 1.2 మీటర్లు. అంతకంటే వెడల్పైతే గట్టున కూర్చుని కలుపు తీసే చేతికి నడిమి మొక్క అందదు. ఒక్కో మడికి 20 కిలోల దాకా బాగా మాగిన దిబ్బెరువు కలుపుతారు. ఈ ‘మాగిన’ అన్న మాట దగ్గర రాజీ పడకూడదు, పచ్చి ఎరువు చెదలను పిలుచుకొస్తుంది. చెద ఉన్న నేలల్లో వేపపిండి కూడా వేస్తారు. వరుసల మధ్య 20 సెంటీమీటర్లు, పుల్లల మధ్య పది. అంటే మడికి 180 పుల్లలు. కాస్త వాలుగా గుచ్చి, ఒక్క మొగ్గ మాత్రం పైకి కనిపించేలా మట్టిని గట్టిగా అదుముతారు. మట్టికీ పుల్లకూ మధ్య గాలి మిగిలితే అక్కడ వేరు పుట్టదు. పైన పలచగా ఎండుగడ్డి.

ఇక మొదటి నెల. ఇదే అన్నిటికన్నా కీలకం, తెలియనివాళ్లు మోసపోయేదీ ఇక్కడే. పది రోజులకల్లా మడంతా పచ్చబడుతుంది. ఆ చిగురు పుల్లలో దాచుకున్న ఆహారంతో వచ్చింది. కింద వేరు ఇంకా పుట్టలేదు. మొక్కలు బతికాయనుకుని తడి ఆపితే, వారం తిరిగేసరికి ఆకు వాడి పుల్ల ఎండిపోతుంది. భయపడి రోజూ నీళ్లు నిలగడితే పుల్ల మట్టిలోనే కుళ్లుతుంది. నేల స్వభావాన్ని బట్టి నాలుగు నుంచి ఏడు రోజులకొక తడి అని శాస్త్రవేత్తలు చెబుతారు. అనుభవమున్న రైతు మడిలో వేలు దించి చూసి నిర్ణయిస్తాడు. రెండో నెలలో వేరు కుదురుకున్నాక కొద్దిగా యూరియా వేస్తారు. కలుపు మాత్రం మొదటినుంచీ చేత్తో తీయవలసిందే. వేరు పట్టని పుల్ల పక్కన పార ఆడిస్తే అది కదిలిపోతుంది.

కాండం క్యాంకర్, పుల్ల కుళ్లు, మొదలు కుళ్లు, ఈ మూడూ నారుమడిని తుడిచిపెట్టే బూజు తెగుళ్లు. మట్టిలో ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంద్రాన్ని కలపడం ఇప్పుడు చాలామంది నేర్చుకున్న కాపుదల. ఏటా అదే మడిలో నారు పోయకపోవడం అంతకన్నా చౌకైన మందు.

మూడు నాలుగు నెలలకు నారు సిద్ధం. పీకే ముందు మడి బాగా తడిపి, పారతో మట్టిని వదులు చేసి, వేరు తెగకుండా తీస్తారు. కొనేవాళ్లు ఆకు పచ్చదనం చూసి బేరమాడతారు. చూడవలసింది వేరును. సన్నవేళ్ల మీద చిన్న చిన్న ముడులు కనిపిస్తే అవి నులిపురుగు గుర్తులు. ఎర్ర ఇసుకనేలల్లో, తడి పొలాల్లో అది బాగా వ్యాపిస్తుంది. ఒకసారి పొలంలోకి వచ్చిందంటే తోట పీకేసేదాకా వదలదు. పాతిక మొక్కలను నీళ్లలో కడిగి వేళ్లు చూపించడానికి ఒప్పుకునే నర్సరీ దగ్గరే కొనాలి. ఒక మొక్క ధరలో రూపాయి తేడా కంటే ఇది ఎన్నో రెట్లు విలువైన పరీక్ష.

ఏ రకం నారు పోయాలన్నది నీటిని బట్టి, నేలను బట్టి. కర్ణాటకలోని కన్వ ప్రభుత్వ క్షేత్రంలో ఎంపిక చేసిన కె-2 చాలాకాలం ఏలింది. మైసూరులోని కేంద్ర పట్టు పరిశోధన సంస్థ 1997లో వి-1 ఇచ్చాక బోరున్న రైతులు అటు మళ్లారు. పెద్ద మందపాటి ఆకు, మంచి యాజమాన్యం కింద హెక్టారుకు ఏడాదికి 60 టన్నులు. పుల్ల సులువుగా వేరు పట్టడం నర్సరీవాళ్లకు నచ్చిన గుణం. ఎస్-36 ఆకు చాకీ పురుగులకు, అంటే లేత దశ పట్టుపురుగులకు, ఎంతో మేలు, అయినా దాని పుల్లల్లో సగం వేరు పట్టినా గొప్పే. వానాధారపు ఎర్రనేలలకు ఎస్-13ను సిఫారసు చేశారు. వెనకటి వానాధారపు తోటల్లో నారు లేకుండా గుంతకు మూడేసి పుల్లలు నేరుగా గుచ్చేవారు. వాన ముఖం చాటేసిన ఏడాది సాళ్లలో సందులే మిగిలేవి.

బోర్లు ఇంకా లోతుకు పోతున్న ఊళ్లలో ఇప్పుడు చెట్టు మల్బరీ వైపు చూపు మళ్లుతోంది. పదడుగులకొక మొక్క చొప్పున ఎకరానికి 435 చాలు. మొదలు నాలుగైదు అడుగులు ఎదగనిచ్చి, ఆ పైన తల కత్తిరించి కొమ్మలు పెంచుతారు. వేరు లోతుకు పోతుంది, ప్రతి మొదలుకూ విడిగా డ్రిప్పు పెడితే నీటి ఖర్చు బాగా తగ్గుతుంది. అయితే ఇందుకు నాలుగు నెలల నారు చాలదు. నిటారుగా, బొటనవేలి లావున పెరిగిన ఎనిమిది పది నెలల మొక్క కావాలి. అందుకని నర్సరీవాళ్లు కొన్ని మడుల్లో పుల్లలను ఎడంగా నాటి, పక్క కొమ్మలు గిల్లేసి, ఒకే కాండాన్ని పైకి లాగుతున్నారు. అదే మడిలో రెండు దఫాలు మామూలు నారు తీసుకోగలిగిన కాలం ఆ ఒక్క మొక్కకు పడుతుంది. కొనేవాళ్లు దాని ధరను మామూలు నారు ధరతో పోల్చి బేరమాడటం న్యాయం కాదు.