చింతగింజల వరసలో శాతవాహనులు

పిల్లలకు ప్రాచీన చరిత్ర చెప్పబోయి చాలామంది పెద్దలు మొదటి వాక్యంలోనే ఓడిపోతారు. "క్రీస్తుశకం ఒకటో శతాబ్దంలో..." అనగానే ఆరేళ్ల పిల్ల లేచి ఆటకు వెళ్లిపోతుంది. తప్పు పిల్లది కాదు. నిన్నకీ మొన్నకీ తేడా ఇప్పుడిప్పుడే తెలుస్తున్న వయసులో శతాబ్దమంటే ఏం తెలుస్తుంది? అదే పిల్ల ఏడు చేపల కథ వందోసారి చెప్పినా ఊ కొడుతూ వింటుంది. ఆ కథ చెప్పే తీరు చరిత్రకూ పనికొస్తుంది. కానీ చరిత్ర అనేసరికి మనకెందుకో మాస్టారి గొంతు వచ్చేస్తుంది.

ముందు కాలం సంగతి తేల్చాలి. అందుకు రెండు గుప్పెళ్ల చింతగింజలు చాలు. "ఇది నువ్వు, ఇది అమ్మ, ఇది అమ్మమ్మ, ఇది అమ్మమ్మ వాళ్లమ్మ" అంటూ వరండాలో పేర్చుకుంటూ పోవాలి. తరానికి పాతికేళ్ల చొప్పున వేసుకుంటే 20వ గింజ దగ్గర శ్రీకృష్ణదేవరాయలు, 30వ గింజ దగ్గర రుద్రమదేవి తగులుతారు. విజయపురి ఏలిన ఇక్ష్వాకుల కోసం 70 దాకా, శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి కోసం 76 దాకా వెళ్లాలి. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద శాసనాలు చెక్కించిన అశోకుడు 90 దగ్గర ఉంటాడు. లెక్క ఉజ్జాయింపే. అయినా రాయలవారు మనకెంత దగ్గరో, అశోకుడెంత దూరమో పిల్లలు మోకాళ్ల మీద పాకి మరీ తెలుసుకుంటారు.

ఇక కథ నడక. చేప ఎందుకు ఎండలేదో కనుక్కోవడానికి బయల్దేరి చీమ దాకా వెళ్లే కథ మనది. ఒక్కో జవాబూ ఇంకో ప్రశ్నను లాక్కొస్తుంది. చరిత్రకారుడు చేసే పనీ అదే. 1906లో నాసిక్ ప్రాంతంలోని జోగల్‌తెంబిలో 13 వేలకు పైగా వెండి నాణేలు ఒక్కచోట దొరికాయి. అవి నహపాణుడనే క్షత్రప రాజు వేయించినవి. వాటిలో చాలావాటి మీద, ఆ రాజు బొమ్మ మీదే, గౌతమీపుత్రుడి ముద్ర కొట్టి ఉంది.

ఒక నాణేనికి రెండు ముద్రలెందుకు? నహపాణుణ్ణి ఓడించాడు కనుక. ఎందుకు కొట్లాడుకున్నారు? పడమటి తీరంలో సోపారా, కల్యాణం లాంటి రేవులు ఎవరివో తేలాలి కనుక. రేవులెందుకంత ముద్దు? రోము రాజ్యం నుంచి ఓడలు వచ్చి నూలుబట్టలు, ఏనుగు దంతం, రంగురాళ్లు కొనుక్కుపోయేవి కనుక. తెరచాప ఓడలు అంత సముద్రం ఎలా దాటాయి? నైరుతి గాలి తోసుకొచ్చింది. ఆ గాలే జూన్‌లో మన పెరట్లో వాన కురిపిస్తుంది. మధ్యలో చిన్న మలుపు కావాలంటే, దారితప్పి కల్యాణం చేరిన గ్రీకు ఓడల్ని కాపలా పెట్టి భరుకచ్ఛం రేవుకు తోలుకుపోయేవారని ఆ కాలపు గ్రీకు నావికుడి పుస్తకం చెబుతుంది. పిల్లలు దీన్ని దొంగా పోలీసు ఆటలా వింటారు.

గౌతమీపుత్రుడి గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం చెప్పింది ఒక నాయనమ్మ. మనవడు పులుమావి రాజ్యానికొచ్చిన 19వ ఏట, గౌతమీ బాలశ్రీ నాసిక్ గుహలో శాసనం వేయించింది. నా కొడుకు అందగాడు, అమ్మ మాట జవదాటనివాడు, వాడి గుర్రాలు మూడు సముద్రాల నీళ్లు తాగాయి అన్నది అందులో ఆమె ధోరణి. ఇది చెప్పి ఆగాలి. "అమ్మే కదా చెప్పింది, కొంచెం ఎక్కువ చెప్పి ఉంటుందా?" అని అడగాలి. పిల్లలు కచ్చితంగా అవునంటారు. నహపాణుడి వంశమైన క్షహరాతుల్ని నిర్మూలించాడన్న మాట? దానికి జోగల్‌తెంబి నాణేలు సాక్ష్యం పలుకుతాయి. ఏది నమ్మాలో, ఏది సరిచూసుకోవాలో ఇంతకన్నా తేలిగ్గా నేర్పే మార్గం నాకు తెలియదు.

శాతవాహనుల కొలువులో ఉన్నాడని చెప్పే గుణాఢ్యుడు అడవిలో జంతువులకు తన బృహత్కథ చదివి వినిపిస్తూ ఒక్కో ఆకునూ మంటల్లో వేసిన కథ కూడా తప్పక చెప్పండి. అయితే దాన్ని "వేశాడట" అని చెప్పాలి. నాణేన్ని మాత్రం "దొరికింది" అనే చెప్పాలి. పిల్లల చెవి ఈ తేడాను ఇట్టే పట్టుకుంటుంది.

అసలు నోరు విప్పక్కర్లేని సందర్భాలూ ఉన్నాయి. చెన్నై మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పంలో ఒకే వలయం లోపల ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒకచోట వీధిలో జనాన్ని తొక్కుతూ, పక్కనే బుద్ధుడి ముందు మోకరిల్లి. ఆ ఏనుగు పేరు నలగిరి. ఆ బొమ్మ ఫోనులో చూపించి ఊరుకోండి. ఎన్ని ఏనుగులున్నాయి, మేడ మీది వాళ్లు ఏం చూస్తున్నారు అని పిల్లలే తేల్చుకుంటారు. లండన్‌లో ఉన్న తెలుగువాళ్లకైతే ఫోనుతో పని లేదు, అమరావతి రాళ్లు బ్రిటిష్ మ్యూజియంలోనే ఉన్నాయి.

కథ చివర నీతి తగిలించకండి. మనవాళ్లే అందరికన్నా గొప్ప అన్న డప్పూ వద్దు. అలా పెరిగిన పిల్లలకు చరిత్ర పొగడ్తగా తప్ప వినపడదు. మధ్యలో ఊ ఆగిందంటే పిల్ల నిద్రపోయినట్టు, లేదా మీరు మళ్లీ శతాబ్దాల్లోకి జారినట్టు. రెండిటికీ విరుగుడు ఆ పూటకు ఆపేయడమే.

వీలైనప్పుడు నాగార్జునకొండ చూపించండి. సాగర్ నీళ్లలో మునిగిన విజయపురి కట్టడాల్లో కొన్నిటిని ఇప్పుడు దీవిగా మారిన ఆ కొండ మీద, ఒడ్డున అనుపులో తిరిగి నిలబెట్టారు. అనుపు రంగస్థలం మెట్ల మీద కూర్చుని 70వ గింజ కథ చెప్పుకోవచ్చు. కొండ మీదికి లాంచీలో వెళ్లాలి. అక్కడి మ్యూజియానికి శుక్రవారం సెలవు.